కార్పొరేషను గురవయ్య

“ముందు నా పేరు రాయి. పెద్దక్షరాలతో రాయి,” అన్నాడు గురవయ్య, యూనియను ఆఫీసులో ఉన్న ఒకే ఒక్క కుర్చీలో సర్దుకుని కూర్చుంటూ.

భవానీపూర్‌లోని ఆ ఆఫీసుకి సోములు వచ్చి నాలుగు రోజులే అయింది. అంతకుముందు బడ్జ్ బడ్జ్‌లో ఉండేవాడు. కార్పొరేషను పనివాళ్ళకి కొత్తగా వచ్చిన బీమా ఫారాలు నింపడం అతని పని. గురవయ్య ఎవరో అతనికి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. అక్కడి తెలుగువాళ్ళ బస్తీలో పిల్లా జెల్లా అంతా ఆయన్ని కార్పొరేషను గురవయ్య అనే అంటారు. ఎర్రజెండా ఊరేగింపు ఒక్కటి మానిన పాపాన పోలేదు. పైగా ఒంటి మీద కార్పొరేషను వాళ్ళిచ్చిన రెయిన్‌కోటు. భుజాల దగ్గర బిగుతు, చేతులేమో మోచేతులు దాటితే ఒట్టు.

“ఏటి చేస్తాం బాబూ, సర్కారు కొలతలు!” అన్నాడు గురవయ్య. “పదహారేళ్ళ సర్వీసు. తెల్లారకముందే డ్యూటీ. పదహారేళ్ళుగా తిన్నగా నిద్రపోయిందే లేదనుకో.”

సోములు అయ్యో పాపం అనుకున్నాడు.

బయట వాన కుమ్మరిస్తోంది. అప్పమ్మ పని ముగించుకుని, నెత్తి నుంచి కాళ్ళ దాకా తడిసి వచ్చి, గుమ్మంలోనే నిలబడింది.

“మా ఆడది,” అన్నాడు గురవయ్య, గొడుగు ఎక్కడ పెట్టాడో చెప్పినట్టు.

“ఇందులో రెండు గళ్ళున్నాయి దాదా,” అన్నాడు సోములు. “ఉద్యోగి సంపాదన మీద బతికేవాళ్ళ పేర్లు డిపెండెంటు గడిలో. ఉద్యోగికి ఏదైనా అయితే డబ్బు ఎవరి చేతికి ఇవ్వాలో ఆ పేరు బెనిఫిషియరీ గడిలో.”

“రెండూ ఒకటి కాదేటి?”

“కాదు. బతికుండగా తినేవాళ్ళు వేరు, పోయాక తీసుకునేవాళ్ళు వేరు.”

“అయితే తినేవాళ్ళలో దీన్నీ, మా పిల్ల గురవమ్మనీ రాసీ. తీసుకునేది మా తమ్ముడు కోదండం. డబ్బన్నాక మగోడి చేతిలో ఉండాల.”

అప్పమ్మ గబుక్కున లోపలికి వచ్చేసింది. “బాబూ, పిల్ల పేరు రాయండి. తొమ్మిదో క్లాసు చదువుతోంది. ఆ కోదండం మొన్ననే దాని పుస్తకాలు పాతకాగితాలోడికి అమ్మీసి బీడీలు కొనుక్కున్నాడు. రేపేటైనా అయితే దాని చదువు ఆ పూటతో సరి.”

“ఉద్యోగం సంగతులు నీకేటి తెలుసే?”

“అది కాదు బాబూ, అసలు...”

“నోర్ముయ్! సోములూ, నువ్వు రాయి.”

సోములు రాశాడు. కోదండం పేరు రాస్తున్నప్పుడు మాత్రం తలెత్తి అప్పమ్మ మొహం చూడలేకపోయాడు.

“టోకెన్ నంబరు?”

గురవయ్య పైకప్పు చూశాడు. గోడ మీది జెండా చూశాడు. రెండింటి మీదా నంబరు లేదు.

“రెండు వందల పదిహేడు,” అంది అప్పమ్మ.

“ఇలాటి చిన్నచిన్నవన్నీ దానికే వదిలీసేను,” అన్నాడు గురవయ్య పెద్ద మనసుతో.

సోములు కార్పొరేషను నుంచి తెచ్చుకున్న హాజరు రిజిస్టరు తెరిచి, ఆ నంబరు దగ్గర వేలు పెట్టాడు. వేలు అక్కడే ఆగిపోయింది. బిగుతు రెయిన్‌కోటు వైపు చూశాడు. అప్పమ్మ చీర అంచు నుంచి కారి నేల మీద మడుగు కట్టిన నీళ్ళ వైపు చూశాడు. రాసిన ఫారాన్ని నాలుగు ముక్కలు చేశాడు. కొత్తది తీసి, ఎవర్నీ ఏమీ అడక్కుండా చకచకా నింపేశాడు.

“బెనిఫిషియరీ, గురవమ్మ,” అని చదివాడు.

అప్పమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

“అదేటి! మా తమ్ముడేడీ?” కుర్చీలోంచి లేచాడు గురవయ్య.

“ఆయనకి ఇందులో చోటు లేదు దాదా. మీకుంది.”

గురవయ్య చల్లబడి, కోటు కాలరు సర్దుకున్నాడు. “లేకపోతే ఊరుకుంటానేటి? ఏదీ, అందరికీ వినబడేలా చదువు.”

సోములు గొంతు సవరించుకుని చదివాడు: “డిపెండెంటు, గురవయ్య, ఉద్యోగి భర్త.”