స్నానాలగదిలో రోగి

"అదైనా బయటికి రావాలి, నేనైనా లోపలికి పోవాలి. ఏదో ఒకటి తేల్చమ్మా" అన్నాడు కొడుకు, భుజాన తువ్వాలుతో.

పడవలకు రంగులేసే మనిషి. మెడ దాకా రంగంటి నల్లగా ఉన్నాడు. పదింటికి రేవు ఆఫీసులో మేస్త్రీ ఉద్యోగానికి ఇంటర్వ్యూ. ఈ వాలకంతో వెళ్తే గుమ్మంలోంచే పంపేస్తారు. ఇంట్లో ఉన్నదేమో ఒకటే స్నానాలగది.

తల్లి దాని తలుపుకు అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చుంది. "రెక్కలు విరిగిన ప్రాణిరా. మొన్న రేవు గుంజ మీద ఆరేసిన చొక్కాలా నిలబడి ఉంటే, పాపం ముడుచుకోలేకపోతోందని గంపలో పెట్టి తెచ్చాను."

"అసలు అదేం పక్షో తెలుసా నీకు?"

"కాకి. కాస్త ఏపుగా పెరిగింది."

"బాతు. కాళ్ళు చూడలేదూ?" అన్నాడు తండ్రి పేపరు చాటునుంచి.

"ముక్కు కొక్కెంలా ఉంది మావయ్యా, డేగేమో" అంది కోడలు, కట్టు కట్టుకున్న వేలు చూపిస్తూ.

కొడుకు పశువుల డాక్టరుకు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాడు. అంతా విని ఆయన నవ్వాడు.

"అది నీటికాకి."

"నేను చెప్పలా, కాకేనని" అంది తల్లి.

"ఇంటిపేరు కలిస్తే చుట్టమైపోతుందా అమ్మా? బాతు ఈకలకు నీళ్ళంటవు. దీనివి ఇట్టే తడుస్తాయి. తడిసి బరువెక్కుతుంది కాబట్టే లోతుకు మునిగి చేపను పడుతుంది. పైకొచ్చాక రెక్కలు ఆరబెట్టుకుంటుంది. రోగం లేదు, రొష్టు లేదు. కిటికీ తెరవండి, అదే పోతుంది."

తల్లి ఫోన్ వైపు వంగింది. "అయితే ఒళ్ళారబెట్టుకుంటున్నదాన్ని ఎత్తుకొచ్చానా?"

ముందు కోడలు కిసుక్కుమంది. తర్వాత తండ్రి చేతిలో పేపరు వణికింది. చివరికి తల్లే కుర్చీలోంచి జారిపోయేంతగా నవ్వింది.

తొమ్మిదిన్నర. దారి దొరికిందే చాలనుకుని కొడుకు సబ్బుపెట్టెతో లోపలికి దూరాడు. కిటికీ తెరిచిన చప్పుడు వినిపించింది. ఆ తర్వాత నీళ్ళ చప్పుడు వినిపించలేదు.

"పొడిచిందేంట్రా?" అంది తల్లి.

కొడుకు మునివేళ్ళ మీద బయటికొచ్చాడు, వెళ్ళినంత నల్లగానే. తలుపు మెల్లగా దగ్గరికేశాడు.

"వెళ్ళిపోయిందా?"

"ఇంకోటి వచ్చింది. నోట్లో పుల్లతో."

అందరివంకా చూసి గొంతు తగ్గించాడు.

"నేనిలాగే ఇంటర్వ్యూకి పోతున్నా. నెల్లాళ్ళు ఎవరూ స్నానం మాటెత్తకండి. బాల్చీలో గుడ్డు పెట్టింది."