ఏడో వాక్యం

క్లినిక్ తలుపు తెరవడానికి ఇంకా పది నిమిషాలుంది.

వరుసలో యుర్గా రెండోది. చేతిలో నలిగిన చిన్న పుస్తకం. పెదవులు కదులుతున్నాయి.

వెనక గోడకి ఆనుకుని భర్త తోమాస్ కూర్చున్నాడు. తెల్లవారుజామున క్యాబేజీ పొలంలో కత్తి పట్టబోతే ఎడమ చెయ్యి లేవలేదు. ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టుందన్నాడు. అంబులెన్సు పిలుస్తానంటే, కండరం పట్టిందంతే, నవ్వులపాలు చెయ్యకు అన్నాడు. ఇప్పుడు ఆ మాట కూడా అనడం లేదు.

లోపల కౌంటర్ దగ్గర మాట సరిగ్గా అడగాలి. యుర్గా భయమంతా అదే.

పొలం పనికి ఈ దేశం వచ్చిన కొత్తలో ఇక్కడే “డాక్టర్ కావాలి” అంది. లిథువేనియాలో అలాగే అడుగుతారు. కౌంటర్‌లో అమ్మాయి మొహం ముడుచుకుంది. ఇంగ్లీషువాళ్లకి అది అరిచినట్టట.

అందుకే లైబ్రరీలో సాయంత్రం క్లాసులో చేరింది. అక్కడ అందరికీ ఇచ్చేది ఈ పుస్తకమే. ఎవరో చేత్తో రాసింది. జిరాక్స్ తీసీ తీసీ అక్షరాలు మాసిపోయాయి. మర్యాదగా అడగడానికి నలభై వాక్యాలు. ఏడోది డాక్టర్ కోసం.

ముందున్న ముసలాయన వెనక్కి తిరిగాడు. బురద బూట్లు. గడ్డం గీసి వారమై ఉంటుంది. బీపీ మాత్రల చీటీ చేతిలో ఉంది.

“ఏడోదేనా?” తమ భాషలోనే అడిగాడు.

“అవును పెద్దాయనా. తప్పు పోతుందేమోనని.”

“తప్పు పోదు. అదే దాని రోగం. పుస్తకం అవతల పారెయ్. మా ఆయన చచ్చిపోతున్నాడు, ఇప్పుడే చూడండి అను.”

యుర్గా మళ్లీ ఏడో వాక్యం చదువుకుంది. ఇలాంటివాళ్ల వల్లే మనందరినీ మొరటువాళ్లంటారు అనుకుంది.

తలుపు తెరిచారు. ముసలాయన పక్కకి జరిగి ఆమెను ముందు పంపాడు.

కౌంటర్ వెనక ఆ అమ్మాయే, లిండ్సే ఉంది. యుర్గా ఒక్క మాట తడబడకుండా అప్పజెప్పింది.

“మీకు శ్రమ కాదనుకుంటే, మా ఆయన్ని డాక్టర్ గారు కాస్త చూడటానికి వీలవుతుందేమో, దయచేసి కనుక్కుంటారా?”

లిండ్సే మొహం విప్పారింది.

“శ్రమేముంది డియర్. గురువారం మూడింటికి ఖాళీ ఉంది.”

ఆ రోజు సోమవారం.

ఆ తర్వాత ఏమనాలో పుస్తకంలో లేదు. యుర్గా థాంక్స్ చెప్పింది.

ముసలాయన అరచెయ్యి కౌంటర్ మీద పడింది. పెన్నుల డబ్బా దొర్లింది.

“డాక్టర్‌ని పిలువు. ఇప్పుడే. అక్కడ మనిషి చస్తున్నాడు.”

ప్లీజ్ లేదు. సారీ లేదు. ఆ గొంతు వరండా చివరిదాకా వినిపించింది. యుర్గా సిగ్గుతో తల దించుకుంది.

డాక్టర్ గదిలోంచి బయటికి వచ్చింది. తోమాస్ పెదవుల రంగు చూసింది. ఇంకేమీ అడగలేదు. పన్నెండు నిమిషాల్లో అంబులెన్సు వచ్చింది. ఇంకో గంట ఆగితే దక్కేవాడు కాదన్నారు పెద్దాసుపత్రిలో.

మర్నాడు లిండ్సే ఫోన్ చేసింది. ముందు తోమాస్ ఎలా ఉన్నాడని అడిగింది. తర్వాత చాలా మర్యాదగా, పోవిలాస్ అనే ఆ మనిషి మీద ఫిర్యాదు రాస్తున్నామని, ఆయన వల్ల మీకేమైనా భయం కలిగిందా అని అడిగింది.

లేదంటే ఏమనుకుంటుందో. తోమాస్ మందులు ఇకమీదట ఆ కౌంటర్ నుంచే రావాలి.

“కొంచెం,” అంది యుర్గా.

ఆ కొంచెం సరిపోయింది. పోవిలాస్ పేరు క్లినిక్ రోగుల జాబితాలోంచి కొట్టేశారు. నెల తిరక్కుండా ఆయన ఊరు వదిలిపోయాడు. ఎక్కడికో ఎవరికీ తెలీదు.

తోమాస్ లేచి నడిచాక యుర్గా మళ్లీ క్లాసుకి వెళ్లింది. టీచర్ హిలరీకి జరిగిందంతా చెప్పింది, ఆ ముసలాయన మొరటుతనంతో సహా.

పేరు వినగానే హిలరీ చేతిలో సుద్దముక్క ఆగింది. బీరువా తెరిచి పాత నోటుబుక్కు తెచ్చింది. జిరాక్స్ కాదు, అసలుది. అట్ట లోపల నీలం సిరాతో పేరుంది.

పోవిలాస్.

ఏడో వాక్యాన్ని ఆయన ఒక్కసారే వాడాడంది హిలరీ, అదే కౌంటర్ దగ్గర, ఒక్క తప్పు లేకుండా, భార్య కోసం; వాళ్లు గురువారం రమ్మన్నారు, ఆమె బుధవారం పోయింది.