గేటుకు వేలాడిన లుంగీ

"పాము తిన్నదా, ఇబూ?"

గేటు బయట వానలో, గొడుగైనా లేకుండా నిలబడ్డ ముసలాయన అడిగాడు. జావాలో ఆడవాళ్ళను ఇబూ అనీ, మగవాళ్ళను పాక్ అనీ మర్యాదగా పిలుస్తారు.

రెత్నో చప్పున వీధికి అటూ ఇటూ చూసింది. ఇంట్లో కొండచిలువ ఉన్న సంగతి పక్కింటివాళ్ళకే తెలియదు. తెలిస్తే వీధి వీధంతా కర్రలు పట్టుకుని వస్తుంది.

"ఏ పాము, పాక్? ఇక్కడ పాములూ గీములూ ఏమీ లేవు."

"ఆదివారం మైదానంలో మీ అమ్మాయి మెడలో చూశాను. అందరి చేతులూ మారుతుంటే దానికి బెదురు, ఇబూ. బెదిరితే తినదు."

ఆమె గేటు గడియ వేసేసింది.

మలాంగ్ ఊళ్ళో పాములు పెంచేవాళ్ళంతా ఆదివారం పొద్దున మైదానంలో చేరతారు. కొత్త పామును తెచ్చినవాళ్ళు దాన్ని అందరి చేతుల్లో పెట్టి ఫొటోలు తీయించుకోవడం అక్కడి ముచ్చట. రెత్నో కూతురు, కాలేజీ పిల్ల లారస్ కూడా కొండచిలువను కొన్న మర్నాడే తీసుకెళ్ళింది. కోపీ అని పేరు పెట్టింది. తండ్రి పోయాక నవ్వు మరిచిన పిల్ల, ఆ రోజు పళ్ళన్నీ కనబడేలా నవ్వింది.

అది ఇంటికొచ్చి ఏడు వారాలైంది. కోపీ ఏమీ ముట్టలేదు. వెన్నెముక గీతలా పైకి తేలింది.

"చచ్చిపోతుందేమోనమ్మా."

"అలా అనకే."

రెత్నోకి రెండు భయాలు. అది చస్తే పిల్ల ఏమైపోతుందోనని ఒకటి. ఆకలితో ఉన్నది పెట్టె దాటి తన గదిలోకి వస్తుందేమోనని ఇంకొకటి. తలుపు కింద తువ్వాలు కుక్కి పడుకునేది.

గురువారం ముసలాయన మళ్ళీ వచ్చాడు. దగ్గుతున్నాడు.

"ఏడు వారాలైంది కదా, ఇబూ?"

"ఆ లెక్క మీకెలా తెలుసు?"

ఆయన గేటు ఊచల సందుల్లోంచి ఇంట్లోకి తొంగి చూశాడు.

పాము మీద కన్నేశాడు, అనుకుంది రెత్నో. "ఇంకోసారి ఇక్కడ కనిపిస్తే వీధి పెద్దని పిలుస్తాను!"

ఆయన చంకలోని మూట తీసి గేటుకు తగిలించాడు.

"ఉతకొద్దు. దాని పెట్టెలో పరవండి. చుట్టూ నల్లగుడ్డ కప్పండి. పది రోజులు ఎవరూ తొంగి చూడొద్దు. తరవాత ఎలుకను చంపి, వెచ్చచేసి పెట్టండి. తెల్లది కాదు, బూడిదరంగుది."

దగ్గుకుంటూనే వెళ్ళిపోయాడు.

మూటలో ఉన్నది పాత గళ్ళ లుంగీ. చెమట వాసన.

రెత్నో దాన్ని చటుక్కున కింద పడేసింది. ఊరూ పేరూ తెలియనివాడు తన ఒంటి మీది బట్టను ఒకరి గుమ్మానికి కట్టి పోయాడంటే చేతబడి కాక ఇంకేమిటి? కర్రతో ఎత్తి పెరట్లో చెత్త మీద వేసింది. అగ్గిపుల్ల గీసింది.

"అమ్మా, ఆగు!" లారస్ పరుగెత్తుకొచ్చింది.

"ముట్టుకోకే! మీ నాన్నని పోగొట్టుకున్నది చాలదా?"

"ఎలాగూ చచ్చిపోతోందిగా! దీనికంటే ఇంకేం చేస్తుందట, నీ చేతబడి?"

లుంగీ లాక్కుని లోపలికి పోయింది.

ఎవరు దగ్గరికొచ్చినా బంతిలా చుట్టుకుపోయే కోపీ, ఈసారి చుట్టుకోలేదు. నాలుక ఆడించింది. మెల్లగా పాకి లుంగీ మడతల్లోకి దూరిపోయింది. లారస్ నల్లగుడ్డ కప్పేసింది.

పది రోజులు తల్లీకూతుళ్ళు మునివేళ్ళ మీద నడిచారు. రెత్నో రోట్లో కారం నూరడం కూడా మానేసింది. కారం లేని అన్నాన్ని లారస్ నోరెత్తకుండా తిన్నది.

పదకొండో రోజు సాయంత్రం లారస్ పట్టకారుతో బూడిదరంగు ఎలుకను లోపలికి దించింది. రెత్నో తలుపు వెనక నిలబడి కళ్ళు మూసుకుని బిస్మిల్లా అంది.

ఎంతకీ చప్పుడు లేదు.

ఉన్నట్టుండి, ధబ్‌మని ఒకటి.

"పట్టుకుందమ్మా! మింగుతోంది!"

రెత్నో అక్కడే కూలబడింది. ఏడుస్తూ నవ్వింది. అంతలోనే ఒక సంగతి మనసులో గుచ్చుకుంది. రెండుసార్లు గుమ్మం దాకా వచ్చిన మనిషికి గ్లాసుడు టీ అయినా ఇవ్వలేదు.

ఆదివారం కొత్త లుంగీ కొన్నది. అరిటాకులో బియ్యప్పిండి ఉండ్రాళ్ళు కట్టుకుని మైదానానికి వెళ్ళింది. కోపీని అమ్మిన గీలంగ్ కనిపించాడు.

"సన్నగా ఉంటాడు. ఎప్పుడూ దగ్గుతుంటాడు. ఆయనెక్కడుంటాడు?"

గీలంగ్ ముఖం వాడిపోయింది.

"పాక్ కర్సోనోనా? పోయారు, ఇబూ. ఊపిరితిత్తులు. నిన్ననే ఏడో రోజు ప్రార్థనలు అయ్యాయి."

రెత్నో చేతిలో పొట్లం ఇంకా వెచ్చగా ఉంది.

"ఆఖరి రోజు దాకా 'తిన్నదా?' అని నన్ను అడుగుతూనే ఉన్నారు. నాకు మాత్రం ఏం తెలుసు?"

"ఎవరి పాము కోసమో అంత ఆరాటమేమిటి, పాపం!"

గీలంగ్ కొత్త లుంగీ వైపు చూశాడు.

"మీకు చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకున్నారు. తెలిస్తే మీ అమ్మాయి మనసు కరిగి తిరిగి ఇచ్చేస్తుందేమోనని భయం. ఆయనకా, రోజులు లేవు."

మెల్లగా అన్నాడు.

"అది గుడ్డులోంచి బయటికొచ్చిందే ఆయన అరచేతిలోకి, ఇబూ... పదకొండేళ్ళూ పడుకున్నది ఆ లుంగీలోనే."