బెల్లం మోసే బండి

ప్రాక్టీసులో నీలవేణి బండి ఈసారి కూడా ఎక్కడా తగలకుండా వెళ్లి, సరిగ్గా సుద్దగీత మీద ఆగింది.

“వెరీ గుడ్, నీలవేణి గారూ!” అన్నారు రాజేంద్రప్రసాద్ మాస్టారు.

పక్కనే కూర్చున్న మహాలక్ష్మి మూతి తిప్పుకుంది.

ఆ ‘గారూ’ ఒకటి! మాస్టారు ఇంజనీరింగు కాలేజీ నుంచి వచ్చే మనిషి. చిన్నా పెద్దా చూడరు, క్లాసులో అందరికీ గారు తగిలిస్తారు. కానీ ఈ నాలుగు ఆదివారాలుగా ఆ గారు నీలవేణి పేరు వెనకే పడుతోంది. మహాలక్ష్మి పేరు అటెండెన్సులో తప్ప ఆయన నోట రాలేదు.

మధ్యలో చదువు మానేసినవాళ్లతో పదో తరగతి కట్టించడానికి అనకాపల్లిలో పెట్టిన ఆదివారం క్లాసులవి. 2008 వేసవిలో మాస్టారు ఓ అట్టపెట్టెలో సబ్బుపెట్టెంత బళ్లు తెచ్చి, వీటిని రోబోలంటారన్నారు. వీపు మీద మీటలుంటాయి. ముందుకు, ఎడమ, కుడి. వరసగా నొక్కి వదిలేస్తే ఆ వరసలోనే నడుస్తాయి. ఆ వరస పేరే ప్రోగ్రాం. ఇంతే సంగతి. దానికే నీలవేణి ఏదో రాకెట్టు ఎగరేసినట్టు అందరూ నోళ్లు తెరిచేశారు.

అసలు ఈ క్లాసు సంగతి ముందు విన్నదెవరు? మహాలక్ష్మి. తిరిగి తిరిగి ఫారాలు తెచ్చిందెవరు? మహాలక్ష్మే. ఎలమంచిలి నుంచి ఒక్కతే బస్సెక్కి రావాలంటే సిగ్గేసింది. “తోడు రాయే, నీకూ పది అయిపోద్ది” అని బతిమాలి లాక్కొచ్చింది నీలవేణిని. తోడుకొచ్చిన మనిషి తోడుగా ఉండాలా వద్దా? వచ్చిన రోజునుంచీ పై చెయ్యి నీలవేణిదే. పోనీ, ఆ చేతికున్న గాజులైనా సొంతమా అంటే అవీ మహాలక్ష్మివే. మహాలక్ష్మి కేరేజీలో అన్నం తిని, మహాలక్ష్మి గాజులు గలగలలాడిస్తూ మెప్పులన్నీ పట్టుకుపోతోంది!

ఇవాళ పరీక్ష. మాస్టారు వరండాలో సుద్దతో దారి గీశారు. ఈ చివర రైల్వేస్టేషను, ఆ చివర బెల్లం మార్కెట్టు. మధ్యలో పెట్టిన ఇటుకలే ఇళ్లు. బండి మీద బెల్లం ముక్క పెట్టి, ఇళ్లను గుద్దకుండా మార్కెట్టు చేర్చాలి. ముందు ప్రోగ్రాం కాగితం మీద రాసుకోవాలి. అటెండెన్సు వరసలో పిలుస్తారు, తలా ఒక్కసారే. మొదట ఎవరు చేరిస్తే వాళ్లు వచ్చే నెల విశాఖపట్నంలో జరిగే రోబోల ప్రదర్శనలో స్టేజీ ఎక్కుతారు. ఒక్కరికే చోటు. మైకులో పేరు పిలుస్తారట.

మైకులో పేరు! మహాలక్ష్మికి అదొక్కటి చాలు. ఇంట్లో గానీ వీధిలో గానీ తనని పేరు పెట్టి పిలిచే దిక్కే లేదు, ఫలానావాళ్ల పెళ్లాం, ఫలానావాళ్ల అమ్మ అనడమే. అటెండెన్సులో నీలవేణి ముందుంది. ఆ బండి మార్కెట్టు చేరిందా, మహాలక్ష్మి వంతే రాదు.

నీలవేణి చకచకా రాసేసి కాగితం ఇటు తోసింది.

“ఓపాలి సూడవా? సరిగ్గా ఉన్నాదా?”

మహాలక్ష్మి చూసింది. మొదటంతా బాగానే ఉంది. మార్కెట్టు ముందు దారి వెనక్కి తిరిగి, రాసేవాళ్లకేసి వస్తుంది. అక్కడి మలుపుకి నీలవేణి తన చెయ్యి చూసుకుని ఎడమ అని రాసింది. ఎదురొచ్చే బండికి అది కుడి. ఎడమకి తిరిగితే ఎదురుగా ఇటుకే.

మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

“బాగానే ఉన్నాది,” అంది.

సైకిలు షాపు చంటిబాబు బండి ఆ మలుపులోనే ఇటుకని గుద్దింది. తర్వాత నీలవేణిది. జోరుగా వెళ్లింది, ఒక్కొక్క ఇల్లే దాటింది, మలుపు దగ్గర ఎడమకి తిరిగి టక్కున కొట్టుకుంది. బెల్లం ముక్క దొర్లి కింద పడింది. నీలవేణి కళ్లలో నీళ్లు తిరిగాయి.

మహాలక్ష్మికి హాయిగా ఉంది. అబద్ధమెందుకు, చల్లటి మజ్జిగ తాగినంత హాయిగా ఉంది.

తన బండి మీద బెల్లం పెట్టి మీటలు నొక్కింది. అది తొందరపడకుండా వెళ్లి, మలుపులో కుడికి తిరిగి, మార్కెట్టులో ఆగింది.

“మహాలక్ష్మి గారూ! విశాఖపట్నం మీరే!” మాస్టారు చప్పట్లు కొట్టారు. “ఆ మలుపు కుడికని మీరెలా పట్టారు? అందరికీ చెప్పండి.”

మహాలక్ష్మి లేచి నిలబడింది. పదిమందిలో ఇలా నిలబడి మాట్లాడటం ఇదే మొదలు. ఇక ఆగలేదు.

“ఏటున్నాదండీ ఇందులో! మా అయ్యకి ఎడ్లబండుండేదండి. దాపటెద్దంటే ఎడం పక్కది, ఎలపటెద్దంటే కుడి పక్కది. బండి మనకెదురొచ్చినా దాపటిది దాపటే కదండీ! మన సెయ్యి సూసి రాసేత్తే తప్పైపోద్ది. ఎవరి కాయితమైనా సరే, ఓపాలి సూత్తే నాకు ఇట్టే తెలిసిపోద్దండి!”

మళ్లీ చప్పట్లు. మొహం వెలిగిపోతూ వచ్చి కూర్చుంది.

నీలవేణి చేతిలో కాగితం ఇంకా అలాగే ఉంది. ఆ మలుపు దగ్గర రాసినదాన్ని చాలాసేపు చూసి, మెల్లగా తలెత్తి అడిగింది.

“తప్పని తెలిసీ, నాతోటి బాగానే ఉన్నాదని ఎందుకు సెప్పేవే, అమ్మా?”