విశ్రాంతి గుంపు

"గొట్టాలు తారుమారు చేశావు. ఒప్పుకో," అన్నారు ప్రొఫెసర్.

"చెయ్యలేదు సార్," అంది ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న అమ్మాయి.

"మరి పడుకున్న పంది కండలో నడక జన్యువు ఎందుకు లేచి కూర్చుంది?"

ల్యాబులో కంప్యూటర్ తెర మీద రెండు గీతలున్నాయి. ఆరు పందులను రోజూ ట్రెడ్‌మిల్ మీద నడిపించారు. మరో ఆరింటిని విశ్రాంతి గుంపు అని పేరు పెట్టి హాయిగా పడుకోనిచ్చారు. తర్వాత అన్నిటి తొడల నుంచీ చిటికెడు కండ తీసి, గొట్టాల్లో వేసి పరీక్షించారు. జన్యువు అన్నిట్లోనూ ఒకటే. దాని ముందు భాగంలో మీట లాంటి ముక్క ఒకటి ఉంటుంది. కండకు పని తగిలితే ఆ మీట పడి జన్యువు పనిలోకి దిగాలి. పని లేకపోతే నిద్రపోవాలి. ఇక్కడేమో విశ్రాంతి గుంపు గీత, నడక గుంపు గీతను దాటి పైకి పోయింది.

రెండేళ్ళుగా ఆ అమ్మాయి ఆ మీట వెంటే తిరుగుతోంది. గొట్టాలు మార్చేసిందని ప్రొఫెసర్ పైవాళ్ళకు ఒక్క మాట చెబితే ఆ రెండేళ్ళూ మట్టిపాలే. ఇక డాక్టరేట్ మాట మరిచిపోవచ్చు.

"ఏవండీ, ఆ పిల్ల మీద పడతారేం?" చేతి తొడుగులు విప్పుకుంటూ వచ్చింది ప్రొఫెసర్ భార్య. ఆ ల్యాబులో ఫ్రీజర్ల బాధ్యత ఆవిడదే. "ఆ గొట్టాలకు మూతలు పెట్టింది నేను. నడిచినవాటికి ఎర్రవి, పడుకున్నవాటికి నీలివి. ఉప్పు డబ్బాకీ పంచదార డబ్బాకీ తేడా తెలియనిది మీకు. నాకు కాదు."

ప్రొఫెసర్ అమ్మాయి వైపు తిరిగారు.

"అయితే ఆ పందులనెవరో పరుగెత్తించారు. నీళ్ళ తొట్టి నింపేది ఎవరు?"

"నేనే సార్."

"నింపి వచ్చేస్తావా, ఇంకేమైనా చేస్తావా?"

అమ్మాయి తల దించుకుంది. "చెవి వెనకాల కాస్త గోకుతాను సార్. అవే అడుగుతాయి."

"అడుగుతాయా!"

"ముట్టెతో పొడుస్తాయి సార్."

"అదీ సంగతి! మనమిక్కడ విశ్రాంతి, విశ్రాంతి అని తలలు బద్దలు కొట్టుకుంటుంటే, నువ్వక్కడ వాటితో ఆటలాడుతున్నావన్నమాట. పెట్టు, ఆ కొట్టం కెమెరాలో ఏముందో చూద్దాం. నీ వల్ల ఒక్క పంది లేచినట్టు కనబడినా రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు."

ముగ్గురూ తెర ముందు కూర్చున్నారు. కెమెరాకు పందులుండే గడి మాత్రమే కనిపిస్తుంది. కొట్టం తలుపు కనిపించదు. ఆరు పందులూ ఒకదాని మీద ఒకటి కాళ్ళు వేసుకుని నిద్రపోతున్నాయి. అమ్మాయి మునివేళ్ళ మీద వచ్చింది. తొట్టి నింపింది. చివర్న పడుకున్నదాని చెవి వెనక గోకి వెళ్ళిపోయింది.

"అదుగో, గోకింది!"

"గోకితే గోకింది. ఒక్కటైనా కన్ను తెరిచిందా?" అంది భార్య. "అదృష్టం అంటే వాటిది. పెళ్ళయినప్పట్నుంచీ నాకు అలాంటి నిద్ర పట్టలేదు."

అమ్మాయి ఊపిరి పీల్చుకుంది. అంతలో తెర మీద ఆరు పందులూ ఒక్కసారిగా ఎగిరి లేచాయి. గడి చుట్టూ పరుగే పరుగు. ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి, గోడ ఎక్కబోయి జారిపడ్డాయి, మళ్ళీ లేచి పరుగెత్తాయి.

ప్రొఫెసర్ బల్ల మీద ఒక్క చరుపు చరిచారు. "దొరికాడు! ఎవడో తలుపు దగ్గర నిలబడి వీటిని తరుముతున్నాడు. మర్నాటిది పెట్టు."

మర్నాడూ అదే పరుగు. ఆ మర్నాడూ అంతే.

"రోజూనా! ట్రెడ్‌మిల్ ఎక్కినవే నయం కదే!" అంది భార్య నోటి మీద చెయ్యి పెట్టుకుని.

"మనిషి కనబడటం లేదు సార్," అంది అమ్మాయి దిగులుగా. ఎవరో తేలకపోతే నింద తన మీదే ఉండిపోతుంది.

"కనబడకపోతే మానె. గొంతు వినబడుతుందిగా. చప్పుడు పెంచు. వాడెవడైనా సరే, మళ్ళీ ఆ కొట్టం గుమ్మం తొక్కనివ్వను. ఇద్దరూ మాట్లాడకండి, విననివ్వండి."

అమ్మాయి చప్పుడు పెంచింది. పందుల కేకలు, గిట్టల టకటకలు. ప్రొఫెసర్ పెదవుల మీద వేలు పెట్టుకుని తెర వైపు వంగారు. ఆయన నోరు మూసుకునే ఉంది. అయినా గదంతా ఆయన గొంతే మారుమోగింది:

"ఇవి విశ్రాంతి తీసుకుంటున్నాయి! ఇక్కడ ఎవరైనా చప్పుడు చేశారంటే తాట తీస్తాను!"