బార్బర్ గారి పెళ్ళాం

"నవ్వకండి సార్, గొంతు మీద కత్తుంది," అన్నాడు బార్బర్.

కుర్చీలో ఉన్న లారీ డ్రైవర్ ఆగితేగా! సబ్బు నురగ ఎగిరిపడేలా నవ్వుతున్నాడు. గోడమీద టీవీలో, కామెడీ షోలో ఒకావిడ మైకు పట్టుకుని మొగుణ్ణి ఉతికి ఆరేస్తోంది. ఆవిడ బార్బర్ భార్య. ఆ సంగతి సెలూన్‌లో ఎవరికీ తెలీదు. ఈ షో చూశాకే, మళ్ళీ స్టేజీ ఎక్కాలో వద్దో చెబుతానని పొద్దున ఆమెతో ఖరాఖండిగా అని వచ్చాడు.

"మా ఆయన నిద్రలో నా తల పట్టుకుంటాడండీ. ముద్దు కాబోలనుకుంటే, 'కాస్త వంచండి సార్' అంటాడు!"

బార్బర్ చెవులు ఎర్రబడ్డాయి.

"అచ్చం మా ఇల్లే! నేను నిద్రలో బ్రేకు తొక్కుతాను. మా ఆవిడ మంచం కింద తేలుతుంది," అన్నాడు డ్రైవర్, కళ్ళు తుడుచుకుంటూ.

బెంచీ మీద మాస్టారు పేపరు విసిరికొట్టారు. "కట్టుకున్నవాణ్ణి బజారుకీడ్చడం హాస్యమా? కట్టెయ్ ఆ టీవీ! నీ పెళ్ళామైతే ఊరుకుంటావా?"

బార్బర్ రిమోట్ అందుకున్నాడు. తెరమీద హాలంతా పడీపడీ నవ్వుతోంది. మొగుళ్ళు పెళ్ళాలను మోచేత్తో పొడుస్తున్నారు. బార్బర్‌ని చూసి నవ్వేవాడు ఒక్కడూ లేడు. ఎవడి ఇల్లు వాడికి గుర్తొస్తోంది.

సౌండు పెంచాడు.

"నా పెళ్ళామే మాస్టారూ. ఊరుకోను, ఇంటికెళ్ళి నిలదీస్తాను. అద్దంలో తనని చూస్తూ సగం మీసం గొరిగేసుకున్నానే, ఆ సంగతి మింగేసిందేం? వచ్చే షోలో ముందు అదే చెప్పాలి!"