నాలుగు చక్రాల గాలి

అది మొన్న మార్చి నెల పదిహేడు, సోమవారం. ఆ పొద్దున సురేంద్రబాబు ఇంట్లో సజ్జరొట్టెలు, శెనక్కాయల ఊరిబిండి.

రెండో రొట్టె ఆయన గొంతు దిగలేదు.

కారణం ఎదురింటి ముందు నిలబడి ఉంది. చిన్నాయన కొడుకు మాధవ్ కొన్న కొత్త బండి. కొండలూ గుట్టలూ ఎక్కే రకం, నాలుగు తలుపులది.

"నూట డెబ్బై గుర్రాల బలమంట," అంది భార్య మధులత, పెనం మీద రొట్టె తిప్పుతూ. "నాలుగు చక్రాలూ కలిసి లాగతాయంట. వెనక సీట్లోకి దూరి దూరి ఎక్కే పని లేదంట. పైకప్పు కూడా తెరుచుకుంటదంట."

"తెరుచుకుంటే ఏంది? ఆకాశాన్ని బాడుగకిస్తాడా?"

"నీకేంది అంత మంట? వాడేమన్నా నీ చేను అమ్మి కొన్నాడా?"

సురేంద్రబాబు చెయ్యి కడుక్కుని లేచాడు.

ఉదయగిరి కొండల్లో గాలిమరలకు సర్వే చేసే ఒక కంపెనీ, రెండేళ్లపాటు ఒక బండిని బాడుగకు తీసుకుంటోంది. బండి ఉన్నవాళ్లు ఎవరైనా ఆ రోజు పది గంటలకు ఆత్మకూరు దగ్గర బొగ్గేరుకు రావచ్చు. ఏటి ఇసుక దాటి చూపించాలి.

ఇన్నాళ్లూ ఆ కొండదారుల్లో తిరిగింది సురేంద్రబాబు జీపొక్కటే. ఈ బాడుగ మాధవ్ బండికి పోతే, నాయన కొన్న ఆ జీపును పాత ఇనుము కింద తూకానికి వెయ్యాల్సిందే.

అందుకే ఆత్మకూరులో ఆగి నాలుగు టైర్లకూ గట్టిగా గాలి కొట్టించాడు. టైరు రాయిలా ఉంటే బండి బాణంలా పోతుందని ఆయన నమ్మకం.

ఏటి గట్టున మాధవ్ బండి నిలబడి ఉంది, దాని దగ్గర ఎవరూ లేరు. కొంచెం అవతల తుమ్మచెట్టు కింద ఏదో పాత జీపు. సర్వే సార్లు వచ్చేలోపల టీ తేవడానికి మాధవ్ సెంటరుకు వెళ్లాడు.

సురేంద్రబాబు అటూ ఇటూ చూశాడు. వంగి, ముందు టైరు మూత విప్పి, పుల్లతో నొక్కాడు.

బుస్సుమంది.

ఆ చప్పుడు చెవికి ఎంత హాయిగా ఉందో!

నాలుగో టైరు దగ్గర ఉండగా వెనకనుంచి ఎవరిదో గొంతు.

"వెనక రెండిటికీ ఇంకొంచెం దించు నాయనా."

ఉలిక్కిపడి తిరిగాడు. నలిగిన చొక్కా, భుజాన తువ్వాలు. ఎవరో పెద్దాయన.

"ఎవురు నువ్వు?"

"కొండయ్య అంటారు. మాది కలిగిరి."

"చూసింది నోట్లోనే పెట్టుకో. అర్థమయిందా?"

"నేనెవురికి చెప్తా? నీ జీపుక్కూడా దించుకో నాయనా. ఇసకలో మెత్తటి టైరే..."

"చాల్లే! ముప్పై ఏళ్లనించి తోలతా ఉండా. నాకు చెప్పొచ్చినాడు!"

కొండయ్య నవ్వి, తుమ్మచెట్టు నీడకు పోయి కూర్చున్నాడు.

పది అయింది. మాధవ్ బండి స్టార్టు చేయగానే ముందున్న తెర మీద పసుపు దీపం వెలిగింది.

"ఏందిది? నాలుగు టైర్లల్లోనూ గాలి తక్కువ చూపిస్తా ఉండాదే!"

సురేంద్రబాబు తన జీపు పక్కకు జరిగాడు.

కొండయ్య లేచి బండి కిటికీ దగ్గరకు వెళ్లాడు. సురేంద్రబాబు వైపు వేలు చూపిస్తూ ఏదో చెప్పాడు.

చెప్పేశాడు, ముసలి నక్క!

మాధవ్ తల బయటపెట్టి చూశాడు.

"పొద్దుగూకినాక నీతో మాట్లాడాలన్నా!" అని అరిచి, గేరు వేశాడు.

ఇంజను పెద్దగా అరవనైనా లేదు. మెత్తబడిన టైర్లు ఇసుక మీద వెడల్పుగా పరుచుకున్నాయి. బండి పడవలా తేలుతూ అవతలి గట్టెక్కింది.

తర్వాత సురేంద్రబాబు జీపు. ఇరవై అడుగులు పోయింది. రాళ్లలాంటి టైర్లు ఇసుకను తవ్వుకుంటూ ఇరుసుదాకా దిగబడ్డాయి.

"సురేంద్రన్నా, బావి తవ్వతా ఉండావా?" గట్టు మీది గొర్రెల కాపరి కేకేశాడు. "నీళ్లు పడితే చెప్పు, జీవాల్ని తోలకొస్తా!"

చివరికి లాగింది మాధవే. కొత్త బండి కొక్కేనికి తాడు కట్టి, ఒక్క ఊపులో జీపును గట్టుకు చేర్చాడు.

సురేంద్రబాబు తాడు విప్పి, ఎవరి మొహమూ చూడకుండా ఇంటికి వచ్చేశాడు.

రాత్రి అన్నాల వేళకు మాధవ్ వచ్చాడు. తిట్లు తినడానికి సిద్ధపడి సురేంద్రబాబు గుమ్మంలో నిలబడ్డాడు.

మాధవ్ ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు.

"బాడుగ మనకే వచ్చిందన్నా."

"మనకా?"

"ఇసకలో గాలి దించాలని నాకేం తెలుసు? నిండా గాలితో పోయుంటే నేనూ కూరకపోయేవాణ్ణే. 'మీ అన్న నీకోసమే దించి పెట్టినాడు, అట్లే పో' అన్నాడు ఆ పెద్దాయన. నీ జీపుకు దించుకోకుండా నా బండికి దించినావే! నేనైతే చేసుండను."

నిజం సురేంద్రబాబు నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది.

"ఆయన... ఆయన ఎక్కడుండాడురా?"

"పోయినాడు. ఫోను నంబరన్నా ఇయ్యకుండా పోయినాడు."

"సర్వే కంపెనీ మనిషా?"

"కాదన్నా. ఆయనా బాడుగ కోసం వచ్చినోడే. నువ్వు వచ్చేసినాక ఆయన పాత జీపు కూడా దాటింది. మా ఇద్దర్లో ఎవురికియ్యాలా అని సార్లు తేల్చుకోలేక నిలబడితే, ఆయనే చెప్పినాడు. 'నా బండికి నేనొక్కణ్ణే దిక్కు. ఆ బండికి అన్న ఉండాడు. దానికే ఇయ్యండి' అని."

సురేంద్రబాబు తమ్ముణ్ణి వాళ్ల వాకిటిదాకా సాగనంపి వచ్చి, చప్పుడు కాకుండా తలుపు వేసుకున్నాడు.